ఇరవై మూడో గడి

పర్లాకిమిడిలో కరెంటు పోయే వేళకి
బర్గండీలో ఒక ప్రభువు చనిపోతాడు.
ఇన్వర్టర్ కుయ్యిమంటుంది.
మరణ సంవత్సరం కొట్టి సేవ్ చేస్తాను.

ఇదే నా పని.
తరానికి మూడు డాలర్లు,
రాజు తగిలితే ఐదు.

మేం భట్రాజులం.
మా తాత కోట గుమ్మంలో నిలబడి
దొరల వంశాన్ని సూర్యుడి దాకా చదివేవాడు,
ఎస్టేటు రద్దయ్యాక కూడా,
గుమ్మంలో వినేవాడు లేకపోయినా.
ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా
ఒక తరం జారిపోయేదని నాయనమ్మ అనేది.

చదువు అన్నయ్యకి చెప్పాడు.
గోడకివతల కూలికి తెచ్చుకున్న
కొమ్ము కొంగలకి నూనె రాస్తూ నేను విన్నాను.
అన్నయ్య ఇప్పుడు బరంపురంలో టైర్లమ్ముతున్నాడు.
పద్యాలన్నీ నా దగ్గర ఉండిపోయాయి
ఎవరూ విడిపించుకోని తాకట్టు గిన్నెల్లా.

ఆ దేశపు భట్రాజులు వేరే రకం.
బట్టతల గీబెర్ అని రాశారు,
పొట్టికాళ్ల ఒడో అని,
నిద్రమొహం రెనో అని,
వాళ్ల తిండే తింటూ.
మా తాతకి మన్యంలో ఒంటికన్ను దొర తగిలితే
'ఏకదృష్టి ధురంధర' అని బిరుదిచ్చి
పట్టుపంచె తెచ్చుకున్నాడు.

నన్ను పనికి పెట్టుకున్నావిడ పేరు ఒడెట్.
ఎనభై ఒకటేళ్లు. రొట్టెల కొట్టు నడిపి మానేసింది.
తన రక్తంలో ఒక కిరీటం కరిగి ఉందని నమ్మకం.

ఉంటుందమ్మా, ఎందుకుండదు?
నీకు ఇద్దరు, వాళ్లకి నలుగురు, ఎనిమిది, పదహారు,
అలా ముప్ఫై మెట్లు దిగితే
వంద కోట్ల మంది ముత్తాతలూ ముత్తవ్వలూ.
అంతమంది అప్పుడు భూమ్మీదే లేరు.
అంటే ఒకే ముసలమ్మ వెయ్యి దారుల్లో నడిచొచ్చి
నీకు వెయ్యిసార్లు అవ్వ అయి ఉండాలి.
రాజులూ అంతే, గొర్రెలు కాసినవాళ్లూ అంతే.
గొర్రెల కాపరికి గడి లేదు, అదొక్కటే తేడా.

ఇరవై రెండు గడులు నిండాయి.
ఇరవై మూడో దగ్గర దారం తెగింది.
పన్నెండు వందల అరవై ఏడు.
ఒక మఠానికి పొలం రాసిచ్చిన తోలు పత్రం.
ఇచ్చిన ప్రభువు పేరుంది.
పదకొండుమంది సాక్షుల పేర్లున్నాయి,
అందులో ఒకడు గుర్రాలకి లాడాలు కొట్టేవాడు.
ఆ పొలం ఎవరి వాటాయో ఆవిడ దగ్గర మాత్రం
లాటిన్‌లో ఒక్క మాట:
కూతురు.

ఒడెట్ రాసింది,
"నాకు ఎక్కువ రోజుల్లేవు.
ఆ కాలానికి నప్పే పేరేదైనా పెట్టెయ్యి."

తాతైతే పెట్టేవాడు,
యతి కుదిరేది, ప్రాస చెడనిది,
గుండెమీద చెయ్యేసుకుని.
నాకూ వచ్చు ఆ విద్య.
మూడక్షరాలు చాలు.

కిటికీలోంచి మహేంద్రతనయ. వేసవి కదా, అంతా ఇసకే.
అవతల పాతపట్నం, ఆంధ్రా.
ముప్ఫై ఆరులో ఎవరో గీత గీసిన రోజు
పదకొండేళ్ల నాయనమ్మ ఆ ఒడ్డున బట్టలు పిండుతోందట.
తడిబట్టలతో ఇంటికొచ్చేసరికి
ఇల్లు వేరే రాష్ట్రంలో ఉందట.

"వందమంది రాజుల పేర్లు నోట్లో నానబెట్టుకున్నాడు మీ తాత,
నా పేరెట్టి ఒక్కపాలి పిలిసినాడేటి?
ఓసే అనీవోడు" అందొకసారి.
మరి మీ అమ్మ పేరేంటని అడిగాను.
చింతపండు పిక్కలు తీస్తూ చాలాసేపు ఆలోచించింది.
"అమ్మే" అంది.
"అమ్మా అనీవోళ్లం. ఇంకేటుంటాది?"

కర్సర్ కొట్టుకుంటోంది.
ఒడెట్‌కి రాశాను:
పేరు దొరకలేదు, ఈ తరానికి డబ్బులొద్దు.
గడిలో ఉన్నమాటే కొట్టాను.
కొట్టాక చూస్తే
కీబోర్డు తెలుగులో ఉండిపోయింది.

గీబెర్‌కీ ఒడోకీ మధ్య
కూతురు.
మార్చలేదు.