నాలుగు చేతుల సావాసం

తొంభై అయిదు డిగ్రీల దగ్గర
అన్నీ చచ్చిపోయాయి.
గొట్టం అడుగున
ఉడికిన గుడ్డు తెల్లసొనలా ముద్దకట్టాయి.
పైన తేటనీళ్ళలో ఇదొక్కటే మిగిలింది
తలంటుకుని వచ్చినంత నింపాదిగా.

కాల్మాడ్యులిన్.
మనిషిదే. బ్యాక్టీరియా కడుపున పుట్టించాం.
రోజూ పెదవాల్తేరులో బస్సు దిగి
నేను నడిచొచ్చేది దీనికోసమే, అయిదేళ్ళుగా.
మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు.
జెల్ మీద నీలిగీత, అగ్గిపుల్ల మందం,
అదే మొహం అనుకుంటాను.

జాలరిపేటలో, గుమ్మం ముందు
కత్తిపీట మీద కవళ్ళు కోస్తూ అమ్మ అడిగింది,
"ఏటే అది? ఏటి సేస్తాది?"
చెప్పాను.
రెండు కొసలా రెండేసి చేతులు,
బొటనవేలూ చూపుడువేలూ చాచినట్టు.
చేతికొక కాల్షియం అందగానే
ఒళ్ళు విరుచుకుంటుంది,
లోపల దాచుకున్న జిడ్డుపక్క బయటపెట్టి
ఎదురొచ్చిన ప్రోటీనుని చుట్టేసుకుంటుంది.
"ఎవులెవులితోటి దాని సావాసం?"
మూడొందలకి పైనే అమ్మా.
పేగుల్ని బిగించేదానితో,
గుండెలో తలుపు కాసేదానితో,
నువ్వు నిన్నటి బాకీ మర్చిపోకుండా చూసేదానితో.
"మరి ఆ కాల్సియం ఎల్లిపోతే?"
వదిలేస్తుంది.
కత్తిపీట మీద చేప ఆగింది.
"అయితే సెయ్యిచ్చేస్తాదన్నమాట,
మన ఏలంపాట సేటు నాగ."

ఆ శ్రావణంలో కేజీహెచ్‌లో
అమ్మ మెడలోని గడ్డ తీశారు.
రెండోరోజు రాత్రి
మూతి చుట్టూ చీమలు పాకుతున్నాయంది.
తర్వాత వేళ్ళు.
ఒకదానికొకటి అతుక్కుని, మణికట్టు దగ్గర వంగి,
బొటనవేలు అరచేతిలోకి దూరిపోయి,
వలలో చిక్కి బిగుసుకున్న పీతలా చెయ్యి.
నలభయ్యేళ్ళు కొడవలి ముక్కు చేపలకి జడవని చెయ్యి.

సిస్టర్ కెజియా సూది ఎక్కించింది.
"మెల్లగా ఇవ్వాలి, పది నిమిషాలు.
తొందరపడితే గుండె ఊరుకోదు."

ఇది నా ప్రోటీను పని కాదని నాకు తెలుసు.
కాల్షియం తగ్గితే నరం ఊరికే ఉలిక్కిపడుతుంది,
వైవాలో అడిగినా ఇదే చెప్తాను.
కానీ ఆ పది నిమిషాలూ
మంచంపట్టీ మీద కూర్చుని
చేతులే లెక్కపెట్టాను.
అమ్మవి రెండు.
నావి రెండు.

కిటికీ అవతల డాల్ఫిన్స్ నోస్ మీద లైటు
వచ్చి పోయింది, వచ్చి పోయింది.
ముందు చిటికెనవేలు వదులైంది.
ఆఖరికి బొటనవేలు,
దొంగలా బయటికొచ్చింది.
అమ్మ కళ్ళు తెరిచి అన్న మొదటి మాట,
"కవళ్ళు ఐసులో ఎట్టినావేటే?"

ఇవాళ కాలమ్‌లో పోశాను.
కాల్షియం ఉన్నంతసేపూ పూసల్ని పట్టుకుని వేలాడింది.
ఈజీటీఏ పొయ్యగానే
ఏ పేచీ లేకుండా జారి, పదకొండో గొట్టంలో పడింది.
శుద్ధంగా ఉందని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.
అది ఎవరికి చెయ్యిచ్చిందో రాసే గడి అందులో లేదు.

తెల్లారి నాలుక్కి
హార్బరుకి గంప ఎత్తుకునే ముందు
అమ్మ సుద్దముక్కలాంటి మాత్ర నములుతుంది.
మొహం చిట్లించి, సీసా నావైపు జరుపుతుంది.
"నీ దానిక్కూడా ఓటెయ్యే,
నాలుగు సేతులు మరి, పాపం."