ఘాటు

మా బడి ఏటుకూరు రోడ్డు మీద,
మిర్చి యార్డు గాలి తగిలేంత దగ్గర.
ఫిబ్రవరిలో టిక్కీలు దిగడం మొదలైతే
హాజరు పిలిచినప్పుడు
పేరు కంటే ముందు దగ్గు పలుకుతుంది.
ఎవరి కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయో
ఆ మూణ్ణెల్లూ ఎవరం అడగం.
గుంటూరులో ఏడవడానికి
అంతకంటే వీలైన కాలం లేదు.

విజయవాడలో నాకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు.
ఏసీ హాలు, జీడిపప్పు బిస్కెట్లు, చివర్లో వేలిముద్ర.
పిల్లల మనసు చెదరక ముందే కాపాడాలి, అన్నారు.
కాదనలేదు. రాసుకున్నాను కూడా.
వచ్చేటప్పుడు చార్టొకటి చుట్టి చేతికిచ్చారు:
ఐదు బొమ్మ ముఖాలు,
విరగబడి నవ్వేదాన్నుంచి వెక్కి ఏడ్చేదాకా.
కాజ టోల్‌గేటు దాటేదాకా
అది నా ఒళ్ళో దొర్లుతూనే ఉంది.

శనివారం ఐదో పీరియడ్, మనసు పీరియడ్.
ఏడో తరగతి, నలభై రెండు మంది.
"ఇవాళ మీకెలా ఉందో టిక్కు పెట్టండి" అన్నాను.
నలభై రెండు నవ్వులు.
షేక్ నగీనా చేయెత్తింది:
"మేడం, దీనికి మార్కులెన్ని?"
ఫోటో తీసి యాప్‌లో పెట్టాను.
పచ్చరంగు వచ్చింది. పీరియడ్ జరిగినట్టే.

ఆగస్టు. రాత్రంతా వాన.
గాలి కడిగిన పలకలా ఉంది.
కిటికీ పక్కన జెఫన్యా
మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు.
"ఏమైందిరా?"
"ఘాటు మేడం."

కిటికీలోంచి చూశాను.
తడిసిన మునగచెట్టు. అంతే.

మాడ్యూల్ పదకొండో పేజీ:
విద్యార్థిని గట్టిగా ఊపిరి పీల్చుకోమనండి.
పీల్చుకున్నాడు, మర్యాదగా,
నా కోసం.

వంట చేసే ఖాసింబీకి నాకంటే ముందే తెలుసు.
"తొమ్మిది రోజుల్నించీ ఆ పిల్లోడు
గుడ్డు చిదిమి అన్నం కింద దాస్తన్నాడమ్మా.
మారు అడగట్లా.
మీరు మొకాలు చూస్తారు, నేను కంచాలు చూస్తా."
శిక్షణకి ఆమెనెవరూ పిలవలేదు.
మూడు నెలల జీతం ఆమెకు బాకీ అని కూడా
ఆ పూటే తెలిసింది.

వంటషెడ్డు మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం.
అడక్కుండా కూర్చోవడం నాకు రాదు,
నాలిక కరుచుకున్నాను.
ఖాసింబీ చింతపండు పిసుకుతూ
మరిది లారీ గొడవేదో చెప్పుకుపోతోంది.
నడిమధ్యలో వాడన్నాడు,
మాతో కాదు, ఆ చింతపండు గిన్నెతో:
"మా నాన్న కోల్డ్ స్టోరేజీలో హమాలీ.
ఎండాకాలం పక్కది తగలబడింది గదా.
రాత్రి మా గేటు గడియ చప్పుడయ్యేదాకా
నిద్ర రాదు నాకు.
ఒక్కోసారి నాలుగవుద్ది."

ఐదు ముఖాల్లోనూ వెతికాను.
చెవులు రిక్కించి పడుకున్న ముఖం
ఎవరూ గీయలేదు.

కబురు పెడితే వాళ్ళ నాన్న వచ్చాడు,
తువ్వాలు దులిపితే స్టాఫ్ రూమంతా తుమ్ములు.
"వాడు నాతో అన్లేదండీ" అని
చాలాసేపు నేలకేసి చూశాడు.
ఇప్పుడు పదింటికొకటి, ఒంటిగంటకొకటి
మిస్డ్ కాల్ ఇస్తాడు.
ఒక్క రింగు. ఉన్నానని.

అంతటితో తీరిపోయిందని చెప్పను.
గుడ్డు ఒకరోజు తింటాడు, ఒకరోజు దాస్తాడు.
మిగిలిన నలభై ఒక్క నవ్వుల కింద ఏముందో
ఇంకా సగం కూడా చూడలేదు.

నివేదికలో సూచనల గడి రెండంగుళాలు.
చాలక, కాగితం తిప్పి రాశాను:
ముందు వంటమ్మకు జీతమివ్వండి,
తర్వాత ఆమెనే పిలిచి మాకు పాఠం చెప్పించండి.
వారానికో పీరియడ్ అంటే
శనివారందాకా ఏడుపు ఆపుకోమనడమే.
ఎవరైనా ఒకసారి టీచర్లను కూడా అడగండి,
కళ్ళెందుకలా ఉన్నాయని.

జవాబు రాలేదు.
చార్టే మళ్ళీ వచ్చింది, ఈసారి రంగుల్లో.

ఈ శనివారం ఫోటోలో
మెట్ల మీద వరసగా పిల్లల వీపులు,
ఖాసింబీ చేతులు, తుడిచినట్టున్న ఒక కంచం.
యాప్ ఎర్రబడింది:
ముఖాలు స్పష్టంగా లేవు.
మళ్ళీ ప్రయత్నించండి.

అదే చేస్తున్నాం, అన్నాను ఫోనుతో.