నీలం పద్దు

పోలమనాయనింగారు పోయిన పదమూడో నాడు
ఆయన లెక్కలన్నీ తెచ్చి నా ముందు పోశారు.
రాయసం మాచనా, మొత్తం కట్టు, అన్నారు.
కడుతున్నాను.

దేవరకొండ సీమలో చిన్న దుర్గం మాది.
డిండివాగు ఎండితే గుర్రాలకు కావడితో నీళ్లు మోయాలి.
అయినా ఆయన పేరు చెబితే
కంచిలో కూడా కవులు కొత్త చెప్పులు కుట్టించుకునేవారు.
సీసానికి ఒక మాడ.
పద్యం తేలిపోతే అర మాడ, పెరుగన్నం.
ఉత్త చేతుల్తో ఒక్కణ్నీ పంపలేదు, అది నిజం.
యతి తప్పితే మాత్రం
పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవారు.

కొలువుచావడి కప్పు మీద
పన్నెండు నెలలూ రాయించాలని ఆయన కోరిక.
"ప్రతి నెలలోనూ నేనుండాలి కంభయా."
ముచ్చి కంభయ నవ్వలేదు. నీలం కావాలన్నాడు.
మోటుపల్లి రేవులో దిగిన రాయి, పిడికెడు,
ఎద్దుల మీద ఇరవై రెండు రోజులు నడిచొచ్చింది.
వెల తొమ్మిది పుట్ల జొన్నలు.
ఏ ఊరి జొన్నలో కూడా రాసుకున్నాను,
ఆ ఆకు ఇప్పుడు కట్టలో లేదు.

చైత్రంలో నాయనింగారి ఉత్తరీయం నీలం.
వైశాఖంలో వీణ వింటున్నారు, తలపాగా నీలం.
జ్యేష్ఠంలో ఏరువాక. మేడి పట్టినట్టు రాశాడు,
ఎన్నడూ పట్టింది లేదు. గొడుగు నీలం.
ఆషాఢానికి చిప్ప గోకితే గోరంత మబ్బు.
శ్రావణం గడి దగ్గర
సున్నమే.

కంభయ దాన్ని దాటి పోయాడు.
కార్తికంలో దీపాలు. పుష్యంలో జొన్నచొప్ప మంట,
చుట్టూ గొంగళ్లు కప్పుకున్న గొల్లలు.
"ఇందులో నేనేడీ?"
"పొగ వెనకాల ఉన్నారు ఏలికా."
ఆ జవాబుకు తన కడియం తీసి తొడిగారు.
అలాంటి మనిషి.

ఆ యేడే వాన లేదు.
పన్ను తగ్గించమని వచ్చిన ఈదమ్మ
చావడిలో తల పైకెత్తి చాలాసేపు నిలబడింది.
"నీ బొమ్మల్ల గూడ వాన వడలే గద దొరా."
నాయనింగారు ఏమీ అనలేదు.
పన్నూ తగ్గించలేదు.
ఎడ్ల జత అమ్మి కట్టిందామె.
ఆ రాత్రి దివిటీ తానే పట్టుకొచ్చి
ఆ తెల్లటి గడి కింద పడుకున్నారట,
కాపలావాడి మాట.

కవులకు ఇన్ని మాడలు. చమురుకు ఇంత.
కంభయకు రావలసింది ఇంకా నాలుగు నెలల కూలి.
ఈదమ్మ ఎడ్లు ఏ పద్దు కింద?
గంటం చాలాసేపు ఆకు మీదే ఆగింది.
నీలం కింద గీశాను.
గీత ఒట్టిగా ఉంటే ఎవరికీ కనబడదు.
మసి తీసుకుని రుద్దాను.