పంగలకట్టె

జూన్ పదమూడు. మిరుగు దినాలు.
అంతోనివారి తేరు ముంగట
నాది ఒక్కటే పని:
కరెంటు తీగలు లేపుడు.

వెదురు బొంగుకు పైన పంగ,
పంగకు సైకిల్ ట్యూబు చుట్టు.
మా నాయిన ఇడిసిపోయిన కట్టె.
తొమ్మిది దినాల జపాలల్ల ఉంట,
జెండా ఎక్కిచ్చేకాడ తాడు పడుత,
దివ్యపూజ అయినంక మొక్కు రొట్టెలు పంచుత.
గని ముప్పై ఏండ్లల్ల ఒక్కసారన్న
తేరు మీది మొఖం సూడలే.
సూసేది పైకే.
ఏ తీగ ఇన్నాసి ఇంటిదో,
ఏది కొండి ఏసి గుంజిన దొంగ తీగో
నా మెడకు ఎరుకే.

పోయినేడు
డప్పులు సెగ కాగినయ్.
పత్తి గింజల ప్యాకెట్లు పళ్లెంల పెట్టుకొని
ఉపదేశి ఆరోగ్యం ముందల నడిసిండు.
ట్రాక్టరు ట్రాలీ మీద బల్బుల మాలలు,
బంతిపూల నడుమ గోధుమరంగు అంగీల ఆయన,
చేతిల లిల్లి పువ్వు, సంకల బాలయేసు.
పర్కాల బాట మలుపుల, ఖాసిం కిరాణం మూలకాడ
కొత్త కేబుల్ తీగ నా కంటికి ఆనలే.

టప్.

బాలయేసు కుడిచెయ్యి
చిక్కుడు గింజంతది
ఎటు పడ్డదో పడ్డది.

పోయినయి దొరికిచ్చే సామి సంకలనే
పోవుడు మొదలైతే
ఎవలికి మొక్కాలె?
నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక
బాలశౌరి ఫాదరు అంగీ ఎగజెక్కి
బురదల మోకాళ్ల మీద కూసున్నడు.
ఆయెనక ఊరంత.
ఫోన్ల లైట్లు, మైనపు వత్తులు.
ఖాసిం టార్చి తెచ్చి
మోరి మీది బండ లేపిండు.

లూర్దమ్మ మూడేండ్ల కింద పోగొట్టుకున్న కమ్మ దొరికింది.
ఒక తాళంచెవి, ఏ తాళానిదో.
రెండు గోటీలు.
"దొరికింది! చెయ్యి దొరికింది!"
మోరిల నుంచి జోజి అరిసిండు.
పట్టుకున్నది వాళ్ల అన్న చిన్నప్ప ఏలు.
గెట్టు పంచాదిల పదకొండేండ్లు మాటల్లేవు ఇద్దరికి.
గుంజుకోవాలని ఇద్దరికీ యాదికి రాలే,
కొద్దిసేపు.

బాలయేసు చెయ్యి మాత్రం దొరకలే.

హనుమకొండల కొత్తది చేపిస్తమన్నరు.
సిమెంటుతోని నేనే పెడత అన్న, తప్పు నాది గదా.
ముసలి ఇన్నమ్మ అడ్డం పడ్డది:
"అది ఏడనో పనికి పోయినట్టున్నది.
రానియ్యుండ్రి."

ఈయేడు మల్ల కట్టె పట్టిన.
అదే మూలకాడ తేరు ఆపుమన్న.
మొదటిసారి ఎనక్కి మళ్లిన.
బల్బుల ఎలుగుల చిన్న మొండి చెయ్యి,
లోపల తెల్లటి సున్నం.
ఆయన నన్ను సూస్తలేడు.
పిల్లగాన్ని సూస్తున్నడు,
జరం వచ్చిన రాత్రి ఏ తండ్రైనా సూసినట్టు.

ఏమన్న అడుగుదామని నోరు తెరిసిన.
డ్రైవరు హారన్ కొట్టిండు.
తీగ లేపిన.
పంగ మీద పడ్డ చుక్క ఒకటి
బొంగు ఎంబడి జారి
మోచేతి దాకా వచ్చింది.
ఇంకోటి.

"జల్ది నడుపు బిడ్డా," అన్న,
"కట్టె తడుస్తున్నది."