గోస్తనికి ఈ ఏడు

బల్ల మీద మూడు ఫొటోలు.
ముగ్గురికీ మెడ మీద ఒకటే నిగనిగ,
నూనె రాసి తీసినట్టున్నారు.
పూణే వాడి ధర మా జీడితోట రెండేళ్ళ కాపు.
హైదరాబాద్ వాడు సగానికే వస్తాడు, కోపిష్టి అంటున్నారు.
మూడో వాడి గురించి
ఎవరూ ఏమీ అనడం లేదు.

తగరపువలస దాటాక ఏటి ఒడ్డున మా పదకొండెకరాలు.
ఫిబ్రవరి గాలికి భీమిలి నుంచి ఎర్రమట్టి లేచొచ్చి
తెల్లకాళ్ళ గుర్రానికి పారాణి పెట్టి పోతోంది.
పొద్దున్నే గవరయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు:
"గోస్తని ఎదకొచ్చిందండి. మూడు రోజులే."

తమ్ముడు సుధీంద్ర పొడుగు కాగితం పరిచాడు.
ఐదు తరాలు. కుడికి పోయే కొద్దీ
చీమలబారులా సన్నబడే పేర్లు.
"చూడక్కా, ఒకే తాత రెండుసార్లు తగిలాడు,
అటు మూడో మెట్టు, ఇటు నాలుగో మెట్టు.
వేగం అక్కడే చిక్కబడుతుంది."

చిక్కబడుతుంది.
ఆ మాట ఈ బల్ల దగ్గర మొదట అన్నది నేనే,
ఐదేళ్ళ కిందట.

నేనెంచిన వాడికి పుట్టిన ఎర్రపిల్ల
మలక్‌పేటలో రెండో పందెం, ఆఖరి మలుపు,
కుడి ముంగాలు.
టీవీలో ఆ చప్పుడు వినిపించలేదు.
మనుషులు పరిగెత్తుకొచ్చి చుట్టూ పచ్చటి తెర పట్టారు.
తెర వెనక ఏం చేస్తారో తెలిసినవాళ్ళం,
ఛానల్ మార్చలేదు.
ఆ రాత్రి గవరయ్య ఖాళీ కొట్టంలో
ఎప్పట్లాగే కొత్త గడ్డి పరిచాడు.

కేజీహెచ్‌లో ముప్పై రెండేళ్ళు కాన్పులు చేసిన
నూకరత్నం అత్త కళ్ళజోడు తుడుచుకుంది.
"మగోడి కాయితాలే తిరగేస్తన్నారు గానీ
మోసేది అదా, కాయితమా?
పదహారేళ్ళదానికి నడుం ఎలాగుందో ఎవరైనా చూసేర్రా?
పెద్ద ఎముకలోడికి కట్టించీసి
అర్ధరాత్రి నన్ను లేపకండి."
కాసేపాగి, పాత గొడవే మళ్ళీ:
"గుర్రానికి ఆవుపొదుగు పేరేట్రా అసలు!"
ఏటి పేరది అత్తా, అంటాం మేం. ఏటా అంటాం.

మా దగ్గర ఇంకో మగవాడున్నాడు.
పొట్టికాళ్ళు, గడ్డిబొజ్జ, వంశం ఎవరికీ తెలీదు.
పేరు గుమాస్తా.
రోజూ ఉదయం కంచె ఇవతల వాణ్ణి నిలబెడతాం,
గోస్తని చెవులు తిప్పిందా, తోక ఎత్తిందా,
చూసి రాసుకుంటాం.
రాసుకోగానే
వాణ్ణి వెనక్కి లాక్కుపోతాం.
పదేళ్ళ సర్వీసు. ఏ పుస్తకంలోనూ వాడి సంతకం లేదు.

మూడో ఫొటో చేతిలోకి తీసుకున్నాను.
ముప్పై ఒక్క పరుగులు, మూడు గెలుపులు.
తొమ్మిదో ఏట ఆఖరి పందెం, ఏడో స్థానం.
ముప్పై ఒక్కసార్లూ
తన నాలుగు కాళ్ళ మీద తనే ఇంటికి నడిచొచ్చాడు.
మోకాలికి ఒక్క కట్టు లేదు.

"వేలంలో వీడి పిల్లకి చెయ్యెత్తేదెవడు?"
తమ్ముడి గొంతులో కోపం లేదు, లెక్క ఉంది.
బ్యాంకు వాయిదా ఉంది, దాణా కొట్టు బాకీ ఉంది.
వాడి మాట తప్పని నేననలేను.
పదకొండు నెలల తర్వాత తడితడిగా లేచి నిలబడేది,
ఆ తర్వాత మూడేళ్ళకి గేటు ముందు నిలబడేది,
అది మా ఇద్దరిలో ఎవరి మాటా వినదు.

పెన్సిలుతో రాశాను పేరు.
పెన్సిలే.
సుధీంద్ర కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేశాడు,
లారీ అద్దెకి ఫోన్ చేస్తానని బయటికెళ్ళాడు,
చాలాసేపు చేయలేదు.

చీకటి పడింది.
దూరంగా సముద్రంలో ఓడల దీపాలు.
కొట్టాల చివర్నించి గుమాస్తా సకిలించాడు,
రోజూలాగే, ఎవరికీ పట్టనట్టు.
అవతలి కొస నుంచి గోస్తని
వెంటనే
బదులిచ్చింది.