ఉత్త పడవ

ఉత్త పడవ అంటే ఉత్తదే.
తెడ్డు లేదు, తాడు లేదు,
అడుగున ఊరిన నీళ్లు తోడిపోసే డబ్బా సుత లేదు.
డబ్బా కావాల్నంటే రోజుకు ఐదు రూపాయలు ఏరే
అన్నడు పర్వతాలు శేటు.
నేను నవ్విన.
ఆయన నవ్వలే.

పోయినేడు సోమశిల రేవుల
రాత్రికి నూట యాభై.
కృష్ణ ఎనక్కి జరిగి, బురద పగుళ్లిచ్చిన ఎండకాలం నూరే.
ఈయేడు నీళ్లు మెట్లెక్కంగనే
మూడు వందల యాభై.
"నీళ్లతోని పాటే కిరాయి పెరుగుతదా?" అని అడిగిన.
"నీళ్లన్న తగ్గుతయి," అన్నడు మా కుర్మన్న నిమ్మళంగ,
వల చిరుగు కుట్టుకుంట,
"కిరాయి తగ్గంగ ఎన్నడన్న చూసినవా?"

ఎందుకు పెరిగిందో తెల్లారి ఎరుకైంది.
హైదరాబాదు కారుల కెల్లి ఇద్దరు దిగిండ్రు.
పెండ్లికి ఇంకా ఇరవై రోజులున్నదంట.
పిల్ల ఘాగ్రా తడవకుండ ముగ్గురు పట్టుకున్నరు.
పిలగాడు తెడ్డు పట్టుకున్నడు,
తలకిందులుగ.
నెత్తి మీద డ్రోను కందిరీగ లెక్క గుయ్యిమంటున్నది.
గంటసేపు.
పడవ రేవు ఇడిచి కదలనే లేదు.
గంటకు రెండు వేలు.

రాత్రంత ఏసిన వలకు మాకు దొరికినయి
నాలుగు జెల్లలు, రెండు బొచ్చెలు,
బతికున్న కొర్రమట్ట ఒకటి.
అన్నీ ఒక తట్టు, ఆ గంట ఒక తట్టు పెట్టి
మనసులనే తూకమేసిన.
తక్కెడ లేవలే.

ఆ రాత్రి మూడిండ్లోళ్లం కూసున్నం,
ఊశన్నోళ్లు, పెంటమ్మ, మేము.
ఊశన్న బిడ్డ అఖిల లెక్క రాసింది
తొమ్మిదో తరగతి నోటుబుక్కు ఆఖరి పేజీల.
సొంత పడవ చేయిస్తే? ఎనభై వేలు.
చిట్టి ఎత్తితే? మొన్న ఎత్తినోళ్లు
పడవ పగిలినంక సుత కడుతనే ఉన్నరు.
సంఘం లోను? సంతకం పెట్టే సారు కొల్లాపూరుల లేడు,
నాగర్‌కర్నూలుల ఉన్నడన్నరు, ఆడ సుత లేడు.
"మా మామ అల్లిన పుట్టి ఉన్నది గద" అన్నది పెంటమ్మ.
ఉన్నది.
గాలి లేస్తే గిరగిర తిరుగుకుంట
అవతలి ఒడ్డుకు పోతది.
ఆడ కిరాయి ఉండదు గని కేసుంటది.
అందరం నవ్వినం, పెంటమ్మ తప్ప.

అఖిల పెన్ను మూత కొరుక్కుంట అడిగింది,
"ఆ పడవ రాత్రిపూట ఏం చేస్తది?"

ఏం చేస్తది.
మోకుకు కట్టేసుంటది.
నీళ్లు దాని కింద ఉత్తగనే పోతుంటయి.

పొద్దున శేటు ముంగట నిలబడ్డం.
పగలు నీ పెండ్లోళ్లకియ్యి,
రాత్రి మాకియ్యి, పాత కిరాయికే.
మూడిండ్లు, తలా యాభై.
ఆయన చానాసేపు నదిని చూసిండు,
అది సుత ఆయనదే అన్నట్టు.
"నీసు వాసన రావద్దు," అన్నడు ఆఖరికి.
"పిల్ల ముక్కు మూసుకుంటే ఫొటో ఖరాబయితది."

గప్పటి సంది మా తెల్లారుడు మారింది.
చేపలు గంపల కెక్కంగనే
కుర్మన్న, ఊశన్న అంగడికి,
నేను, పెంటమ్మ పడవల మోకాళ్ల మీద.
మొదలు బూడిద, ఎనక చింతపండు పులుసు,
పీసుతోని పలక పలక తోముడు.
ఇంట్ల గిన్నెలు సుత గింత తోమలే ఎన్నడు.
ఒకనాడు వలల కాయితం గులాబి పడ్డది.
పెంటమ్మ దాన్ని కొప్పుల పెట్టుకోని
మల్ల తీసి నీళ్లల్ల ఇడిచింది.

నిన్న ఒక పొలుసు పలక సందుల ఇరికింది.
గోరుతోని గీకినా రాలే.
ఎండ పడంగనే మెరిసింది.
పెండ్లి పిల్ల వంగి, "ఏందిది?" అన్నది.
ఫొటో తీసెటాయన చూసి
"ఉండనీండి మేడం, బాగుంది" అన్నడు.
పర్వతాలు శేటు వినలే, మంచిదైంది.

రాత్రి అఖిల ఆఖరి పేజీల ఇంకో గీత గీసి రాసింది:
చింతపండు, వారానికి కిలో.
ఎవరి వంతో రాయలే.