చచ్చినట్టు

మార్చి నెల. తెల్లవారుజాము ఐదూ నలభై.
బస్సులో ఇంకా పిల్లలెవరూ ఎక్కలేదు.
టర్నర్ వాగు మలుపులో, మేకల కంచె పక్కన
బూడిదరంగు బొంతపేలికలా ఒక ఒపోసమ్.
ఈ ఓజార్క్ కొండల్లో దానికోసం ఎవరూ బ్రేకు వెయ్యరు.
పెద్ద ఎలుకే కదా అని పోతారు.

నేను ఆపాను. ఎర్రలైట్లన్నీ వేసి దిగాను.

భయమేస్తే దీనికి పారిపోవడం తోచదు.
నోరు తెరుచుకుని, నాలుక వేలాడేసి,
ముక్కు మూసుకునేంత కంపు కొట్టి
చచ్చినట్టు పడుకుంటుంది.
గంట, రెండు గంటలు, ఒక్కోసారి నాలుగు.
అందుకే గొయ్యి తవ్వేవాళ్లు కాస్త ఆగాలి.
దీనికి ఆగక్కర్లేదు. తల చూస్తే తెలిసింది.

పొట్టమీది సంచి మాత్రం కదిలింది.

లోపల తొమ్మిది. నా బొటనవేలంతేసి, కళ్లు తెరవనివి.
చనుమొనలు మింగి గొంతులో బిగించుకున్నాయి.
లాగితే నోళ్లు చిరుగుతాయి.
తల్లినే కత్తిరించాలి.
ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కత్తెర ఉంది. కత్తిరించాను.
ఉన్ని టోపీలో వేసుకుని చొక్కా లోపల దాచుకున్నాను.

పిల్లలు ఎక్కారు. ఎప్పటి గోలే.
కాసేపటికి నా గుండెలమీంచి చిన్న తుమ్ము,
మళ్లీ ఒకటి. అమ్మను అవి అలాగే పిలుస్తాయి.
"మిస్ ఆర్డిత్, మీకు జలుబా?" అన్నాడు ముందు సీటు డెంజిల్.
చెప్పాను.
ఇరవై రెండేళ్లలో మొదటిసారి
బడిదాకా బస్సు చప్పుడు చెయ్యకుండా వెళ్లింది.

ఒక్కోటి ఇరవై అయిదు గ్రాములు, అంటే ఐదు నికెల్ నాణేలు.
వీటికి పాలు చప్పరించడం చేతకాదు.
నోట్లోంచి కడుపుదాకా సన్నని గొట్టం దించాలి,
దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయిందో, అంతే.
తడి దూదితో తుడిస్తేగాని ఉచ్చ కూడా పొయ్యవు.
రెండు గంటలకోసారి అలారం.
అరవై ఒక్కేళ్ల మోకాళ్లతో
చచ్చినట్టు లేచేదాన్ని.

కోయ్ లెడ్‌బెటర్ గుమ్మంలో నిలబడి నవ్వాడు:
"నా కోళ్లగూటి దొంగలకి ఉగ్గుపాలు పడుతున్నావా?"
వారం తిరక్కుండా తనే
కాఫీ డబ్బానిండా గుడ్డుపెంకుల పొడి తెచ్చాడు.
వీటి ఎముకలకి సున్నం చాలదని ఎక్కడో విన్నాడట.
పెంకులు ఆ కోళ్లవే.

డెంజిల్ ఆవిరిపట్టిన అద్దం మీద రోజూ బరువులు రాసేవాడు.
అంకె తగ్గిన రోజు
ఎవరూ చూడకముందే చేత్తో తుడిచేసేవాడు.

ఏప్రిల్‌లో మూడు పోయాయి.
మూడోదానికి గరిటెతో గొయ్యి తీశాక
పక్కనే స్టూలేసుకుని నాలుగు గంటలు ఆగాను.
ఐదో గంట కూడా ఆగాను.
ఆ వయసుకి నటన ఇంకా రాదని
నాకు బాగా తెలుసు.

జులై ఆఖరు. మిణుగురులు లేచే వేళ
వాగు అవతల పెట్టె తెరిచాను.
ఐదు వెనక్కి చూడకుండా పోయాయి.
అందులో ఒకటి పోతూ పోతూ నా వేళ్లకేసి
యాభై పళ్లూ చూపించింది.
మంచిదే, ఎవర్నీ నమ్మకు, అన్నాను.

ఆరోది బయటికొచ్చి, నా బూటు చూసి,
ఉన్నపళంగా పక్కకి ఒరిగిపోయింది.
నాలుక బయట. అదే కంపు.
గొట్టంతో నేను నింపిన పొట్ట
ఊపిరి ఉన్నట్టే లేదు.

నన్ను చూసి!

మనసు చివుక్కుమనలేదని చెప్పను.
దోమలు కుడుతున్నాయి. చీకటి పడింది.
పది అడుగులు వెనక్కి జరిగి, మొహం పక్కకి తిప్పుకుని,
దుంగమీద నేనూ
చచ్చినట్టు కూచున్నాను.
ఎంతసేపో గడియారం చూడలేదు.
ఓరకంట మాత్రం చూశాను.

మొదట ఒక చెవి కదిలింది.